‘మా’ అని రాసిన నీమియా

పెద్దదేశంలో అధ్యక్షుడు మారినప్పుడల్లా మా రాజధాని అసున్సియోన్‌లో ఒకావిడకి పని పడేది. ఆవిడ పేరు నీమియా ఒవెలార్. విదేశీ వ్యవహారాల శాఖలో, మెట్ల కింద చిన్న గదిలో, ముప్ఫై ఒక్కేళ్ళుగా కూర్చున్న మనిషి. అక్కడి కొత్త అధ్యక్షుడికి ఇక్కడి అధ్యక్షుడు పంపే అభినందన ఉత్తరం ఆవిడే రాసేది. అలా నలుగురికి రాసింది. కింద సంతకం ఎవరిదైతేనేం, కామాతో సహా ప్రతి ముక్కా ఆవిడదే.

ఆ ఉత్తరం అల్లాటప్పా వ్యవహారం కాదు. మాది చిన్న దేశం, సముద్రం కూడా లేని దేశం. పెద్దదేశానికి మరీ దగ్గరగా జరిగితే మింగేస్తుందని భయం, దూరంగా జరిగితే మరిచిపోతుందని భయం. అందుకని ‘తరతరాల స్నేహం’ అనాలా ‘చిరకాల స్నేహం’ అనాలా అని నీమియా మూడేసి రోజులు కొట్టుకుపోయేది. తరతరాలంటే మరీ చుట్టరికం కలిపినట్టు ఉంటుంది, చిరకాలమంటే కాస్త ఎడంగా ఉంటుంది. ఇలాంటి చాదస్తం మీదే ఆవిడ బతుకంతా గడిచింది. నవ్వేవాళ్ళు నవ్వారు గానీ, ఆ నలుగురి కాలంలోనూ ఒక్క మాట మీద కూడా అటునుంచి తగాదా రాలేదు. అదేమంత చిన్న విషయం కాదు.

ఆవిడ పుట్టింది యూతీ అనే ఊళ్ళో. తండ్రి రైలు స్టేషన్లో తంతి ఉద్యోగి. ఇంట్లో మాట్లాడేది మా నేల భాష గ్వారనీ, బళ్ళో స్పానిష్. బళ్ళో పొరపాటున గ్వారనీ ముక్క దొర్లితే టీచరు మొక్కజొన్న గింజలు పోసి వాటి మీద మోకాళ్ళు వేయించేది. దాంతో నీమియాకి చిన్నప్పుడే ఒక గుణం పట్టుబడింది. ఏ మాటైనా నోట్లోనే ఒకసారి తిప్పి చూసుకోవడం, ఎదురుగా ఎవరున్నారో చూసుకోవడం, అప్పుడు గానీ అనకపోవడం. తర్వాత జీతం ఇచ్చింది ఆ గుణానికే. పంతొమ్మిదో ఏట రాజధానికి వచ్చి టైపు నేర్చుకుంది, సాయంత్రం క్లాసుల్లో ఇంగ్లీషు నేర్చుకుంది. ఎలాదియో అనే అతనితో పెళ్ళి అనుకున్నారు. అతను తాపీ పని మీద పక్క దేశం, బ్వేనస్ ఎయిరెస్ వెళ్ళాడు. మొదటి ఏడాది ఉత్తరాలు వచ్చాయి, రెండో ఏడాది కార్డులు, ఆ తర్వాత అవీ లేవు. ఆవిడ ఏడ్చిందో లేదో తెలియదు. అడిగినవాళ్ళూ లేరు. తండ్రి, తర్వాత తల్లి పోయాక, రాజధానిలో ఒక పెంకుటింట్లో నీమియా ఒక్కతే మిగిలింది.

అయినా ఆవిడకి తోడు అంటూ ఒకటి ఉండేది, టెలిఫోను. పెద్దదేశం రాయబార కార్యాలయంలో డోరిస్ అని ఒకావిడ ఉండేది. ఇక్కడ నీమియా చేసే పనే అక్కడ డోరిస్‌ది. పన్నెండేళ్ళు ఇద్దరూ ఫోన్లో మాటలు బేరమాడుకున్నారు.

“‘పరిశీలిస్తాం’ అంటే మీవాళ్ళ భాషలో కుదరదనే కదా నీమియా?” అనేది డోరిస్.

“కుదరదని కాదు. ఇప్పుడు కుదరదని” అనేది ఈవిడ.

ఫోను పెట్టేసే ముందు “మోకాలు ఎలా ఉంది?” అని అడిగేది డోరిస్. నీమియా మోకాలి నొప్పి గురించి ఈ భూమ్మీద అడిగే ప్రాణి ఆవిడొక్కతే. మొత్తం పన్నెండేళ్ళలో ఎదురెదురుగా చూసుకున్నది రెండుసార్లు.

అయిదో అధ్యక్షుడు వచ్చాడు. వచ్చిన మూడో వారానికల్లా రాయబార కార్యాలయంలో పాతవాళ్ళనందరినీ ఊడ్చి పారేశారు. నీమియా ఫోను చేస్తే ‘ఈ నంబరు వాడుకలో లేదు’ అని టేపు వినపడింది. డోరిస్ ఇంటి నంబరు ఆవిడ దగ్గర లేదు. ఏనాడూ అడగలేదు, అడగడం బాగుండదనుకుంది. ఆ వారమంతా రోజుకొకసారి ఆ నంబరే తిప్పి, టేపు చివరిదాకా విని పెట్టేసేది.

అలవాటు ప్రకారం అభినందన ఉత్తరం మూడు పేజీలు రాసి మేడ మీదికి పంపింది. అది మళ్ళీ కిందికి వచ్చింది. తెచ్చినవాడు ఉపమంత్రి లిసాంద్రో బెనేగాస్. ముప్ఫై తొమ్మిదేళ్ళవాడు, విదేశాల్లో చదివి డాక్టరేటు తెచ్చుకున్నాడు, ఇస్త్రీ మడత నలగని మనిషి. మనిషి చెడ్డవాడని అనలేం. మెట్ల కింద గదికి తనే దిగి వచ్చాడంటే అదే గొప్ప.

“దోన్యా నీమియా,” అన్నాడు గౌరవంగా, “ఇది అద్భుతంగా ఉంది. కానీ చదివేవాళ్ళు లేరండీ అక్కడ.”

“చదవకపోతే ఎలా డాక్టర్?”

“ఆయన చదవడట. చుట్టూ ఉన్నవాళ్ళూ చదవరట. ఎదురుగా కూర్చోవాలి, నాలుగు ముక్కలు పొగడాలి, ఫొటో దిగాలి, అంతే. పక్క దేశాలవాళ్ళు అప్పుడే నేర్చేసుకున్నారు. ఒకాయన గుర్రాన్ని పంపించాడట.”

“పోనీ పేజీకి కుదిస్తాను.”

“వద్దులెండి. రెండు ముక్కలు నేనే ఫోన్లో కొట్టి పంపించేశాను. బొటనవేలు బొమ్మ వచ్చింది జవాబుగా.”

నీమియా ఆ మూడు పేజీలనూ ఫైల్లో పెట్టింది. నలుగురు అధ్యక్షుల ఉత్తరాల వెనక, పంపని అయిదోది.

ఫిబ్రవరిలో అసలు సంగతి బయటపడింది. ఉత్తరాన చాకో అనే ముళ్ళపొదల బీడులో తూయుయూ అనే చోట పాత రన్‌వే ఒకటి ఉంది, గడ్డి మొలిచి పశువులు మేస్తున్నది. పెద్దదేశం కొత్తవాళ్ళకి అది కావాలట. ముప్ఫై ఏళ్ళకి తమ చేతికి అప్పగించాలట. ఇస్తారా, ఇవ్వరా? ఒక్క మాట చెప్పండి అన్నారు. ఇవ్వం అంటే మా గొడ్డుమాంసం కొనడం మానేస్తారు. ఇస్తామంటే ఇక్కడ జనం ఊరుకోరు. తొంభై ఏళ్ళ కిందట యుద్ధంలో, తూటా తగిలో దాహంతోనో చాకోలో పడిపోయిన తాత లేని ఇల్లు మా దేశంలో లేదు. పాత రోజులైతే నీమియా ‘సోదరభావంతో పరిశీలిస్తున్నాం’ అని రాసి, డోరిస్‌తో ఆర్నెల్లు బేరం సాగదీసి, ఆ అధ్యక్షుడు దిగిపోయేదాకా లాక్కొచ్చేది. ఇప్పుడు అవతల ఫోను ఎత్తేవాళ్ళే లేరు. ప్రత్యేక దూత ఒకడు స్వయంగా వస్తున్నాడు. ఒక్క పూట ఉంటాడు, మధ్యాహ్నం భోజనం దగ్గర మాట తీసుకుని విమానం ఎక్కుతాడు.

మేడ మీద మంత్రితో సహా అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. జరిగినదంతా రాసుకోవడానికి నీమియా ఒక మూల కూర్చుంది. ఆవిడనెవరూ ఏమీ అడగలేదు. కానీ ఆ రోజు ఎందుకో నోరు విప్పింది.

“గ్వారనీలో చెబితే సరిపోతుంది” అంది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. గ్వారనీలో, మీ తెలుగులో లాగే, ‘మనం’ వేరు ‘మేం’ వేరు. న్యాందే అంటే మనం, వింటున్న నిన్ను కూడా కలుపుకుని. ఓరే అంటే మేం, అందులో నువ్వు లేవు. స్పానిష్‌కీ ఇంగ్లీషుకీ ఈ తెలివి లేదు. రెండింటికీ ఒకే మాట పెట్టుకుని వందల ఏళ్ళుగా నెట్టుకొస్తున్నాయి పాపం.

“మంత్రిగారు గ్వారనీలో మాట్లాడతారు, నేను ఇంగ్లీషులో చెబుతాను” అంది నీమియా, కాగితంలోకి చూస్తూ. “మన స్నేహం, మన వ్యాపారం, మన రేపు, అన్నిటికీ న్యాందే. తూయుయూ నేల దగ్గరికి వచ్చేసరికి ఓరే. ఇంగ్లీషులోకి వెళ్ళాక రెండూ ఒకటే. దూతకి తియ్యగా వినపడుతుంది. రేడియోలో వినేవాళ్ళకి మాత్రం నేల మాది, నీకు సంబంధం లేదు అని వినపడుతుంది. అవునన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.”

బెనేగాస్ నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు. సాయంత్రానికి ఆ ఆలోచన బెనేగాస్‌ది అయిపోయిందనుకోండి, అది వేరే సంగతి. నీమియా దాన్ని పట్టించుకోలేదు. ఆ రోజు బస్సులో ఎంత మురిసిపోయిందంటే, దిగాల్సిన చోటు దాటిపోయి, మోకాలు నొప్పి పెడుతున్నా ఆరు వీధులు వెనక్కి నడిచింది.

ఆ తర్వాత రెండు వారాలు ఆవిడ బతుకులో మంచి రోజులు. బెనేగాస్ రోజూ పొద్దున పది గంటలకి తెరెరె అనే ఆకు పానీయం తాగే కొమ్ము, చల్లనీళ్ళ కూజా పట్టుకుని మెట్లు దిగి వచ్చేవాడు. అతను స్పానిష్ ఇంట్లో పెరిగాడు, గ్వారనీలో ఆయా చెప్పిన ‘తిను, పడుకో’ తప్ప రాదు. మంత్రి మాట్లాడేది సరిచూడాలంటే తేడా తెలియాలి కదా. ఒకే కొమ్ములోంచి మార్చి మార్చి తాగుతూ నేర్చుకున్నాడు. నీమియా గదిలోకి కొమ్ము పట్టుకుని వచ్చి కూర్చున్న మొదటి మనిషి అతను.

“రెండూ ఒకటే కదండీ, ఏమిటి తేడా?”

“మీ అమ్మగారి గురించి నాకు చెప్పండి డాక్టర్. ఏమంటారు?”

“న్యాందే సీ. మన అమ్మ.”

“నేను కూడా ఆవిడ కడుపునే పుట్టానా?”

అతను పడీ పడీ నవ్వాడు. నీమియా కూడా నవ్వింది. ఆ నవ్వు విని గుమస్తా ఒకడు గదిలోకి తొంగి చూసి వెళ్ళాడు.

ఇంకో రెండేళ్ళలో పింఛను వస్తుంది. ఆవిడ కోరుకున్నదల్లా ఆ రెండేళ్ళూ ఆ మెట్ల కింద, ఆ మనుషుల అలికిడి మధ్య గడిచిపోవాలని, ఒక్క మాట కూడా తప్పు రాయని మనిషిగా దిగిపోవాలని. అంతకు మించి ఏమీ లేదు. ఇంటి దగ్గర పలకరించే దిక్కు పక్కింటి సెఫెరీనా ఒక్కతే. సెఫెరీనా భర్త పోయిన మనిషి, గొంతు పెద్దది, పిట్టగోడ మీద రేడియో పెట్టుకుని వీధంతటికీ వినిపిస్తుంది.

“ఏమే, మొహం వెలిగిపోతోంది ఈ మధ్య. ఆఫీసులో ఎవడైనా దొరికాడా?” అంది గోడ మీదినుంచి.

“ఈ వయసులోనా?”

“వయసుదేముందే, వంట వస్తే చాలు.”

“నాకు వంట రాదు.”

“అదీ సంగతి. అందుకే దొరకలేదు.”

నవ్వుకున్నారు. ఆ నవ్వు ఊపులో నీమియా ముప్ఫై ఒక్కేళ్ళలో ఎవరికీ చెప్పని మాట చెప్పేసింది.

“బుధవారం మధ్యాహ్నం రేడియో పెట్టుకో. మంత్రిగారు మాట్లాడేది నేను రాసిందే.”

“నువ్వా? మంత్రి నోట్లో మాట నీదా?” సెఫెరీనా చేతిలో పని ఆపేసింది. “అయితే వీధి వీధంతా వినాల్సిందే.”

మంత్రి మాట్లాడాల్సింది ఒక పేజీ. అందులో పద్నాలుగు చోట్ల ‘మన’, ఒక్క చోట ‘మా’. ఆ ఒక్క దాని కింద నీమియా ఎర్ర సిరాతో రెండు గీతలు గీసింది. మంత్రి నాలుగుసార్లు చదివాడు, నాలుగుసార్లూ తప్పులేకుండా చదివాడు. ఒక్క విషయం మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆ మంత్రి పాతికేళ్ళు ఊరూరా తిరిగి ఓట్లడిగిన మనిషి. ఓట్లడిగే నోటికి ‘మా’ అనే మాట ఉండదు. మన ఊరు, మన రోడ్డు, మన ఆవు, మన అమ్మాయి పెళ్ళి, అన్నీ మనమే.

బుధవారం ఎండ మండిపోతోంది. బల్లల మీద లేసు గుడ్డలు పరిచారు, కాల్చిన మాంసం, ఉడికించిన కర్రపెండలం పెట్టారు. దూత ఏదీ ముట్టలేదు. డబ్బా సోడా తాగుతూ ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. నీమియా మంత్రి కుర్చీ వెనక నిలబడింది. తల్లి చెవిపోగులు పెట్టుకుంది ఆ రోజు.

మంత్రి లేచాడు. ఎదురుగా రేడియోవాళ్ళ మైకు కనపడింది. మైకు చూశాడో లేదో, ఆ మనిషి భోజనాల గదిలోంచి సంతలో వేదిక మీదికి వెళ్ళిపోయాడు. కాగితం పక్కన పెట్టేశాడు.

“మన స్నేహం” అన్నాడు. గుమస్తాలు చప్పట్లు కొట్టారు. “మన వ్యాపారం. మన పిల్లల రేపు.” ఒక్కొక్కదానికీ గొంతు పెరిగింది. కాగితంలో లేని నదులూ పశువులూ కూడా వచ్చి కలిశాయి. నీమియా వెనకాలే ఇంగ్లీషులో అందిస్తోంది. చివరికి నేర్పించినట్టే ఒక్క క్షణం ఆగాడు. దూత వైపు తిరిగాడు. ఇంటికొచ్చిన అతిథిని చూసి మా మనుషులు ఏం అంటారో అదే అన్నాడు.

“తూయుయూ నేల కూడా మనదే.”

చప్పట్లు ఆగిపోయాయి. మాంసం పళ్ళెం పట్టుకున్న సర్వరు ఉన్నచోటే నిలబడిపోయాడు. బెనేగాస్ రెండు వారాలు నేర్చుకున్నాడు కదా, అతనికీ తెలిసింది. దూత మాత్రం నీమియా వైపు చూశాడు, ఏమన్నాడు అన్నట్టు. అనువదించేవాళ్ళు అవతలివాడు అన్నదానికి ఒక్క అక్షరం కలపకూడదు, ఒక్క అక్షరం తీయకూడదు. ఆవిడ అదే ఇంగ్లీషు మాట, తను రెండు వారాల ముందే అనుకున్న మాట, చెప్పింది. అది సరిగ్గానే ఉంది. దూత మొదటిసారి ఫోను బల్ల మీద పెట్టి, సోడా డబ్బా పైకెత్తి నవ్వాడు.

రెండు గంటల్లో ఊరంతా తెలిసిపోయింది. మంత్రి తూయుయూని వాడికి ఇచ్చేశాడట అని బస్సులో, అంగట్లో ఒకటే మాట. నీమియా ఇంటికి వచ్చేసరికి సెఫెరీనా గోడ దగ్గరే నిలబడి ఉంది. రేడియో ఆపేసి ఉంది.

“నువ్వు రాసిందే అన్నావు.”

“నేను అలా రాయలేదు. ‘మా’ అనే రాశాను. ఆయన నోరు జారాడు.”

“మా తాత అక్కడే పోయాడే నీమియా. ఆయన చొక్కా ఇంకా నా పెట్టెలో ఉంది.”

“నా దగ్గర కాగితం ఉంది. ఎర్ర గీత కూడా ఉంది. తెచ్చి చూపిస్తాను.”

సెఫెరీనా ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. “తే మరి. చూస్తాను. వీధిలో అందరికీ నేనే చెబుతాను” అంది.

మర్నాడు శాఖ గేటు ముందు జనం నిలబడ్డారు. అరుపులు లేవు. తాతల ఫొటోలు పట్టుకుని ఊరికే నిలబడ్డారు, అది ఇంకా భయమేసింది లోపలివాళ్ళకి. పులి మీద పుట్రలా ఇంకోటి. దూత దగ్గర పనిచేసే మావాడెవడో ఆయనకి న్యాందే అర్థం చెప్పాడు కాబోలు, మంత్రిగారి మాటతో ఒప్పందం కుదిరినట్టేనని కబురొచ్చింది.

పది గంటలకి బెనేగాస్ మెట్లు దిగి వచ్చాడు. చేతిలో కొమ్ము లేదు, కాగితం ఉంది. తలుపు మూశాడు.

“దోన్యా నీమియా, ఆ ఎర్ర గీత కాగితం ఉందా మీ దగ్గర?”

“ఉంది. సాయంత్రం ఇంటికి పట్టుకెళదామనుకుంటున్నాను.”

“ఇంకెక్కడైనా ఉందా?”

“మంత్రిగారి దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి.”

“అవి ఇప్పుడు లేవు” అన్నాడు బెనేగాస్.

నీమియాకి అర్థమైంది. అతను తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టాడు. టైపు చెయ్యడంలో ఒక మాట తప్పు పడిందనీ, ఆ తప్పు తనదేననీ ఉంది దాంట్లో. కింద ఆవిడ పేరు, సంతకానికి జాగా.

“నేను తప్పు కొట్టలేదు డాక్టర్.”

“నాకు తెలుసు.”

“తెలిసి ఎలా అడుగుతున్నారు?”

“మంత్రి నోరు జారాడని ఒప్పుకుంటే, మాటిచ్చి వెనక్కి తీసుకున్నట్టు. ఈ కొత్తవాళ్ళు అది సహించరు. టైపు తప్పు అంటే ఎవరి పరువూ పోదు, వాళ్ళకీ మొహం చెల్లుతుంది. మీ పేరు ఎక్కడా బయటికి రాదు. రికార్డుల గదికి మారుస్తారు, పింఛను దాకా అక్కడే ఉండొచ్చు.”

నీమియా పక్కింటావిడకి చూపిస్తానన్నాను అని చెప్పాలనుకుంది. దేశం మునిగిపోతుంటే పక్కింటావిడేమిటి అని సిగ్గేసి ఊరుకుంది.

అప్పుడు బెనేగాస్ కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. అప్పటిదాకా స్పానిష్‌లో మాట్లాడుతున్నవాడు గ్వారనీలోకి మారాడు. దోన్యా కాస్తా న్యా అయింది.

“న్యా నీమియా, మనం చిన్నవాళ్ళం. మన నేలని మనమే కాపాడుకోవాలి. ఈ గదిలో ఉన్నది మనవాళ్ళమే కదా.”

న్యాందే, న్యాందే, న్యాందే. ఒక్కటీ తప్పు పలకలేదు. ఆ మేడలో ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆవిడతో అందరూ అన్నది ‘మీరు టైపు చెయ్యండి, మేం చూసుకుంటాం’ అనే. మనం అన్నవాడు లేడు. ఆ మాటకి ఎంత బలం ఉందో నీమియాకి తెలియదా? పద్నాలుగుసార్లు అదే మాట ఎర వేసి ఒక దూతని పట్టాలని చూసిన మనిషి ఆవిడ. తనకి ఇప్పుడు ఎర పడుతోందని కూడా తెలుసు. తెలిసి కూడా ఆవిడ గుండె కరిగిపోయింది. అంత ఒంటరిగా ఉంది మరి. సొరుగు లాగి ఎర్ర గీత కాగితం తీసి అతని చేతికిచ్చింది. తర్వాత సంతకం పెట్టింది.

అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “శుక్రవారం రాకండి, విశ్రాంతి తీసుకోండి” అన్నాడు తలుపు దగ్గర. అది మళ్ళీ స్పానిష్‌లో అన్నాడు.

రెండు రోజులు నీమియా గోడ వైపు వెళ్ళలేదు. శనివారం పదకొండు గంటలకి సెఫెరీనా గోడ మీద రేడియో మోగింది. బెనేగాస్ గొంతు, గ్వారనీలో. నీమియా బట్టలారేస్తూ ఆగిపోయింది.

“మేం విచారణ జరిపాం” అన్నాడు. ఓరే. “మా మంత్రిగారికి ఇచ్చిన కాగితంలో తప్పు పడిందని మేం కనిపెట్టాం. ఆ తప్పు చేసింది నీమియా ఒవెలార్ అనే టైపిస్టు. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టింది. మేం ఆవిడని ఉద్యోగంలోంచి తీసేశాం. ఆవిడకీ మాకూ ఇక ఏ సంబంధమూ లేదు. తూయుయూ నేల మాది.”

ప్రతి చోటా ఓరే. బాగా నేర్చుకున్నాడు. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. కొట్టాల్సిందే, అనాల్సిన మాట అన్నారు, నేల దక్కింది. దూత అప్పటికే ఇంకేదో దేశంలో ఇంకేదో భోజనం దగ్గర కూర్చుని ఉంటాడు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. చిన్న దేశం తన తెలివితో గట్టెక్కింది. ఒక్క మనిషిని దించేసి గట్టెక్కింది.

సెఫెరీనా గోడ దగ్గరికి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

“నీ పేరే చెప్పాడు.”

“విన్నాను.”

“నువ్వు ‘మా’ అనే రాశానన్నావు. నేను నమ్మాను. ఎదురింటివాళ్ళతో దెబ్బలాడాను కూడా, మా నీమియా అలా రాసే మనిషి కాదని. కాగితం తే, ఇప్పుడే పోయి వాళ్ళ మొహాన పెడతాను.”

“లేదు సెఫెరీనా.”

“లేదంటే?”

“ఇచ్చేశాను.”

“ఎవరికిచ్చావు?”

నీమియా తడిబట్ట చేత్తో పట్టుకుని నిలబడింది. “మనవాళ్ళకే” అంది.

రేడియోలో బెనేగాస్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. సెఫెరీనా అటొకసారి చూసి, ఇటు తిరిగింది.

“ఎవరే మనవాళ్ళు?” అంది.

నీమియా ఆలోచించింది. వెటకారం కాదు, ఆవిడ నిజంగానే అడుగుతోంది, చెబితే వినాలనే నిలబడింది. ముప్ఫై ఒక్కేళ్ళు మాటలే తిని బతికిన మనిషి ఒక్క పేరు కోసం వెతుక్కుంది. గోడ అవతల సెఫెరీనా కాసేపు చూసింది, చేతుల పిండి దులుపుకుంది. తర్వాత రేడియో తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.